వయస్సు మీరినవారి హాకీ

1975వ సంవత్సరము మార్చి 15వ తేదీని మలేషియా రాజధానియైన కౌలాలంపూరునందు భారత హాకీజట్టు పాకిస్తాను జట్టును రెండు గోలులకు ఒకటిగా ఓడించి ప్రపంచ కప్పును గెలుచుకొనెను. నాయకుడు అజిత్‌పాల్ సింగు. విజయమును నిర్ణయించిన గోలు కొట్టినవాడు ధ్యాన్‌చంద్ కుమారుడగు అశోక్ కుమార్. ఆనాడు రేడియోపెట్టెల చుట్టును మూగి, జస్‌దేవ్ సింగుగారి హిందీ వ్యాఖ్యానమును తెలిసినంతవరకు తెలిసికొని, తెలియనిదానిని ఆయన కంఠస్వరమునుబట్టి ఊహించుకొనిన తెలుగు బాలురు ఎందరో కలరు. వంగిన కొమ్మయే వారికి హాకీకర్ర. గుడ్డపీలికల ఉండయే బంతి. బడి విడిచిన పిమ్మట చీకటి పడువరకు ఊరిబయలే వారికి కౌలాలంపూరు.

ఆ బాలురకు అప్పుడు పది పదునైదేండ్లు. నేడు వారు అరువది దాటినవారు, దాటుచున్నవారు. సింగరేణి బొగ్గుగనులలో ఉద్యోగవిరమణ వయస్సు 2021లో 60 నుండి 61 సంవత్సరములకు పెంచబడినది. అనగా కౌలాలంపూరు విజయమును బాల్యమున విన్న తరమే ఇటీవలి సంవత్సరములలో రామగుండమునందును గోదావరిఖనియందును కడసారి మస్టరు వేయించుకొని, తలదీపమును దీపాలగదిలో అప్పగించి, బాయినుండి ఇల్లు చేరుచున్నది. వీరిలో హాకీని మరువనివారు కొందరైన కలరు. పండుగనాటి పోటీలలో యువకులు ఆడుచుండగా గట్టున నిలిచి, "బంతి ఎడమకు వేయుము" అని అరచువారు వీరే.

ఇట్లు గట్టున నిలిచినవాడు మరల కర్ర చేతబట్టి, దేశము పేరు వ్రాసిన చొక్కా తొడిగికొని, సముద్రములు దాటిపోయి తన యీడువారితో ఆడవచ్చునని ఎవరైన చెప్పినచో నవ్వువారే యెక్కువ. కాని ఇది నవ్వులాట కాదు. అట్టి హాకీ ప్రపంచమున కలదు. అది మన గనికార్మికుని గడపవరకు వచ్చునా రాదా అనునదే ఇప్పటి ప్రశ్న. ఈ ప్రశ్నను ప్రజల యెదుట నుంచుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

యౌవనము గడచిన స్త్రీపురుషుల కొరకు ఏర్పడిన ఈ హాకీని మొదట వెటరన్సు హాకీ అనిరి. ఇప్పుడు మాస్టర్స్ హాకీ యను పేరు స్థిరపడినది. ముప్పదియైదవ యేటినుండి ఆరంభించి అయిదేసి యేండ్లకు ఒక తరగతిగా దీనిని విభజించిరి. పోను పోను 60, 65, 70, 75 తరగతులును, ఎనుబది దాటినవారి తరగతియు కలవు. అరువది పైబడినవారిని గ్రాండ్ మాస్టర్సు అనుట వాడుక. అరువదియేండ్లవాడు ఇరువదియేండ్లవానితో పరుగు పందెము వేయనక్కరలేదు. తన యీడువానితోనే తలపడును. ఇదే ఈ యేర్పాటులోని న్యాయము. వరల్డ్ మాస్టర్స్ హాకీ యను సంస్థ దీనిని నడపుచున్నది. 2014లో హాలెండు దేశపు రోటర్‌డాము నగరమునందును, 2016లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాయందును, 2018లో బార్సిలోనా చెంతనున్న టెరస్సాయందును ఈ వయస్కుల ప్రపంచకప్పు పోటీలు జరిగెను. 2024లో కేప్‌టౌనునందు కొన్ని తరగతులకును, న్యూజిలాండులోని ఆక్లండునందు కొన్ని తరగతులకును జరిగెను.

హాకీయే కాదు, తక్కిన ఆటలకును ఇట్టి యేర్పాటు కలదు. 1985లో కెనడాదేశపు టొరంటోయందు మొదటి ప్రపంచ మాస్టర్స్ క్రీడలు నడచెను. 2017లో ఆక్లండునందు జరిగిన ఆ క్రీడలలోనే మన పంజాబు వృద్ధురాలు మాన్ కౌర్, నూరేండ్లు దాటిన వయస్సున నూరుమీటర్ల పరుగును ముగించి లోకమును అబ్బురపరచెను. ఆమె పరుగు నేర్చుట ఆరంభించినది తొంబది దాటిన పిమ్మట.

మన దేశమున హాకీ ఇండియా సంస్థ 2025 జూన్ మాసమున చెన్నపట్టణమునందు మొదటి మాస్టర్స్ కప్పు పోటీలను నడపినది. నలువదియేండ్లు దాటిన పురుషులకును, ముప్పదియైదు దాటిన స్త్రీలకును అందు స్థానము కల్పించిరి. జాతీయసంస్థ స్వయముగ పూనుకొని రాష్ట్రజట్లను రప్పించి ఆడించుటచే, ఇంతవరకు కొందరు మిత్రుల వేడుకగా చూడబడిన యాట దేశవ్యవహారములలో ఒకటైనది. ఇది శుభారంభమని మేము తలంచుచున్నాము. ఆరంభమాత్రమే యనియు చెప్పక తప్పదు.

వయస్సు మీరినవానికి హాకీ తగునా యని సందేహించువారికి ఆటనుగూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మైదానము 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు గలది. పదునొకండుగురు ఆడుదురు. పూర్వము ఒకసారి దిగినవాడు తుదివరకు పరుగెత్తవలసియుండెను. 1992 తరువాత ఆటగాండ్రను ఎన్నిసార్లయినను మార్చుకొను వీలు కలిగినది. అయిదునిమిషములాడి, గట్టుకు వచ్చి ఊపిరి తీసికొని, మరల దిగవచ్చును. 1990 తరువాతి సంవత్సరములలోనే ఆఫ్‌సైడు నియమమును తొలగించిరి. కాళ్ళ వేగము తగ్గినను చూపు చురుకుగా నున్న ఫార్వర్డు గోలుచెంతనే కాచుకొనియుండి తన పని తాను చేయగలడు. బంతిని ఆపు మణికట్టు, ఎవడు ఎచ్చటికి వచ్చునో ముందే కనిపెట్టు కన్ను, తోటివాని పరుగును అంచనా వేయు తెలివి, ఇవి ఇరువదియేండ్లకు వచ్చునవి కావు. ఏండ్లతో పండునవి.

ధ్యాన్‌చంద్ 1905లో పుట్టినవాడు. 1928, 1932, 1936 సంవత్సరముల మూడు ఒలింపిక్సులలో బంగారుపతకములు గెలిచెను. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో, నలువదిరెండేండ్ల వయస్సున, మరల జట్టుతో తూర్పు ఆఫ్రికాకు పోయి, తనకంటె పదునైదేండ్లు చిన్నవారితో సమానముగ ఆడి గోలులు కొట్టెను. నేటి లెక్క ప్రకార మది మాస్టర్స్ వయస్సే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని జాతీయ క్రీడాదినముగా జరుపుకొనుచున్న మనము, ఆయన జీవితములోని ఈ ఘట్టమును మాత్రము విద్యార్థులకు చెప్పుట లేదు.

ఇక గనులసంగతి. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920 డిసెంబరు 23వ తేదీని సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేర నేటి సంస్థ రిజిస్టరైనది. నేడు ఇందు రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు వాటా కలదు. 1960 ప్రాంతమున రామగుండము బొగ్గు వెలికి రాసాగినది మొదలు, చిన్న పల్లెలున్న చోట గోదావరిఖని యను పట్టణము లేచినది. తట్టా చెమ్మసు పట్టిన కార్మికులు నాలుగు దిక్కులనుండి వచ్చి ఇచ్చట కాపురముండిరి. వారి పిల్లలు ఇచ్చటనే పుట్టిరి, ఇచ్చటనే ఆటలు నేర్చిరి.

ఈ సంస్థయందు కార్మికుల క్రీడలు పరాయివి కావు. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ యను పేర కార్మికుల క్రీడాసంఘము చిరకాలముగ నున్నది. కొత్తగూడెమున ప్రకాశం స్టేడియము, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియము, గోదావరిఖనియందు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము కలవు. ఏరియాలమధ్య పోటీలు జరుగుచుండును. కోల్ ఇండియా సంస్థల పోటీలకు సింగరేణి జట్లు పోవుచుండును. రాత్రి షిఫ్టు దిగి, నల్లబడిన మొగము కడిగికొని, నిద్రపోకయే మైదానమునకు వచ్చు కార్మికుని చూచినవారికి ఆట యనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. నేలక్రింద ఎనిమిదిగంటలు పైకప్పును చూచి భయపడుచు బ్రతికినవానికి, పైన ఆకాశము తప్ప మరేమియు లేని బయలున ఒకగంట పరుగెత్తుట యెంతటి విడుదలయో వాడొక్కడే యెరుగును.

కాని ఈ యేర్పాటంతయు ఉద్యోగమున నున్నవానికే. అది తప్పని మేమనము. సంస్థలమధ్య పోటీలనగా పనిచేయువారి పోటీలే యగుట సహజము. అయితే దాని ఫలితమేమి? ముప్పదియేండ్లు జట్టుకు గోలుకీపరుగనో, ఫుల్‌బ్యాక్‌గనో నిలిచినవాడు, ఉద్యోగము వదలిన నెల మొదటితేదీనాటికి ఆటగాడును కాకుండ పోవును. మస్టరుతోపాటు మైదానమును పోవును. 1990 ప్రాంతమున ఈ గనులలో పనిచేయు కార్మికులు లక్షకు పైబడియుండిరి. యంత్రములును ఓపెన్‌కాస్టు గనులును హెచ్చినకొలది ఆ సంఖ్య తగ్గి తగ్గి నలువదివేల ప్రాంతమునకు వచ్చినది. కాగా గనిపట్టణములలో నేడు పనిచేయువారివలెనే పని విరమించినవారును వీధివీధినను కలరు. ప్రొద్దున టీకొట్టువద్ద, సాయంకాలము అరుగులమీద, సంఘము ఆఫీసు ముంగిట కూర్చుండువారు వారే. పని చేసినంతకాలము గడియారమును చూచి బ్రతికినవారికి ఇప్పుడు గడియారమొక శత్రువు.

ఇట్టివారికి ప్రపంచమున తమ యీడువారి ఆట యొకటి కలదని తెలియుటయే గొప్ప లాభము. ఎవడును విదేశమునకు పోకపోయినను, పోవచ్చుననెడి ఆశ యుండుటచేత పదిమంది ఉదయమున మైదానమునకు వత్తురు. పదిమంది వచ్చుటచేత ఒకడు మద్యము మానును, మరొకడు చక్కెరవ్యాధికి మందుతోపాటు నడకయు చేర్చుకొనును. ఆ పోటీకి పోవువా డొక్కడే కావచ్చును. దానివలన బాగుపడువారు వీధికి పదిమంది యగుదురు.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. గనికార్మికుని శరీరము గుమాస్తా శరీరమువంటిది కాదు. ముప్పది దాటిన పిమ్మట మనుష్యుని దేహము గ్రహింపగల ప్రాణవాయువు పరిమాణము పదియేండ్లకు సుమారు నూటికి పదివంతున తగ్గునని శరీరశాస్త్రజ్ఞుల లెక్క. వ్యాయామము విడువనివారిలో ఈ క్షయము మందగించును. ఇది అందరికిని సమానము. గనిలో పనిచేసినవానికి దీనిపై బొగ్గుధూళి బాధ యొకటి. ఆ ధూళివలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధి గనుల చట్టము క్రింద ప్రకటింపబడిన వ్యాధులలో నొకటి. నడుము వంచి దిమ్మెలెత్తినవానికి వెన్నెముక నొప్పి వేరుగ కలదు. హాకీయో నడుము వంచి ఆడు ఆట. దాని బంతి 156 నుండి 163 గ్రాముల బరువుగల గట్టి యుండ. తప్పించుకొనుట ఒక్క లిప్త ఆలస్యమైనచో ఎముక విరుగును. కావున ఉత్సాహముగలవాడెల్ల మరునాడే మైదానమున దూకవలెనని మేము చెప్పుట లేదు. 1955 నాటి గనుల నిబంధనల ప్రకారము ఉద్యోగములో నున్నంతకాలము కార్మికునికి అయిదేండ్లకు మించకుండ వైద్యపరీక్ష జరుగుచుండును. ఆట ఆడదలచిన విశ్రాంత కార్మికునకు అట్టి పరీక్షయే ఏటేట జరుగవలెను. గుండె, ఊపిరితిత్తులు, వెన్ను, మోకాలు, ఈ నాలుగును చూచి వైద్యుడు సరేయన్న పిమ్మటనే కర్ర పట్టవలెను. కూడదన్నచో స్కోరు వ్రాయువాడుగనో, అంపైరుగనో, పిల్లలకు నేర్పువాడుగనో మైదానమున నుండవచ్చును. మైదానమున చోటు అందరికిని కలదు.

మరియొక చిక్కు కలదు. కౌలాలంపూరు విజయము పచ్చికనేలమీద లభించినది. మరుసటి యేడే, 1976లో, మాంట్రియలు ఒలింపిక్సులో మొదటిసారి కృత్రిమ టర్ఫుపై హాకీ ఆడిరి. అంతవరకు ఒలింపిక్ హాకీలో పతకము లేక తిరిగిరాని భారతదేశము అందు ఏడవ స్థానమునకు దిగిపోయెను. ఆనాడు మన బాలురు నేర్చుచున్న ఆట యొకటి, ప్రపంచము ఆడబోవు ఆట యొకటి యయ్యెను. మొరపు నేలమీద బంతి ఎగురుచు దొర్లుచు వచ్చును. దానిని లొంగదీయుటకు మణికట్టు మెత్తదనము కావలెను. టర్ఫుమీద బంతి గీత గీసినట్లు దూసికొనివచ్చును. అచ్చట కాలివేగము, మోకాటి పటుత్వము ముఖ్యము. హైదరాబాదునందు గచ్చిబౌలిలో టర్ఫు హాకీ స్టేడియము కలదు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు నడచినది అచ్చటనే. కాని గోదావరిఖనినుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడి దూరము. మొరపు నేలమీద ఆట నేర్చిన అరువదియేండ్లవాడు మొదటిసారిగ టర్ఫుపై అడుగిడుట విదేశమునందే యైనచో, వాని విద్య వానికే ఎదురుతిరుగును.

ఇంతకును అసలు అడ్డంకి ఇవేవియు కావు. అసలు అడ్డంకి డబ్బు. మాస్టర్స్ హాకీయందు ఆటగాడు సాధారణముగ తన ఖర్చు తానే భరింపవలెను. విమానపు టిక్కెట్టు, బస, ప్రవేశరుసుము, దుస్తులు, బీమా, వీసా, సమస్తమును వానివే. ధనిక దేశములలో అరువదియేండ్ల వైద్యుడో, వకీలో, వర్తకుడో ఈ వ్యయమును విహారయాత్రవలె భరించును. మన గనికార్మికుని స్థితి యేమి? 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకమే వానికి ఆధారము. ఒకమారు నిర్ణయమైన పింఛను ధరలవెంట పెరుగుట లేదని విరమించినవారు ఏండ్లతరబడి మొరపెట్టుచున్నారు. చేతికి వచ్చిన గ్రాట్యుటీ కూతురి పెండ్లికో, ఇంటికో, కుమారుని చదువుకో అంతకుముందే చెప్పిపెట్టబడియుండును. అట్టివాడు మంచి ఫుల్‌బ్యాక్ యని జట్టుకు ఎన్నికయ్యెననుకొందము. వాని యెదుట రెండు దారులు. ఇంటిసొమ్ము తీసి విమానమెక్కుట, లేక పిలుపు వచ్చిన కాగితమును మడిచి పెట్టెలో దాచుకొనుట. మొదటిది చేసినచో ఇంట తలయెత్తలేడు. రెండవది చేసినచో తనలో తాను తలయెత్తలేడు.

ఇందు దేశమునకు సంబంధించిన విషయము కలదని మేము నొక్కి చెప్పుచున్నాము. ఖర్చు భరింపగలవాడే పోవునట్టి యేర్పాటులో జట్టును ఎన్నునది ఎంపికసంఘము కాదు, డబ్బుసంచి. చొక్కాపై దేశము పేరుండును. లోపలనున్నవాడు దేశమున ఆట గలవాడో, సొమ్ము గలవాడో చెప్పలేము. దేశము పేర జరుగు కార్యమున ఈ సందేహమునకు తావుండరాదు.

హాకీచరిత్రయందే దీనికి మార్గదర్శకమున్నది. 1928లో ఆంస్టర్‌డాము ఒలింపిక్సుకు మన జట్టు మొదటిసారి బయలుదేరినప్పుడు చాలినంత ధనము లేక ఇద్దరు ఆటగాండ్రు ఆగిపోవలసిన గతి పట్టెను. బెంగాలునుండి సహాయము వచ్చుటచేత వారును ఓడయెక్కిరి. ఆ జట్టుకు నాయకుడు జైపాల్ సింగు, ఛోటానాగపూరు అడవులలోని ముండా ఆదివాసీ బిడ్డ. ఆ జట్టే దేశమునకు తొలి హాకీ బంగారుపతకమును తెచ్చెను. 1932లో లాస్ ఏంజలసుకు పోవు జట్టు దారిపొడవునను ప్రదర్శన పోటీలాడి ఖర్చులు కూడబెట్టుకొనెను. పరపాలనలో, పేదరికములో, దేశము తన ఆటగాండ్రను చందాలెత్తి పంపినది. స్వతంత్రమై ఇన్ని దశాబ్దములు గడచిన పిమ్మట, దేశమునకు బొగ్గు త్రవ్విపెట్టిన వృద్ధుని పంపలేమనుట మనకు తగదు.

ఆక్షేపణలు రాగలవు. యువకులకే కర్రలు లేవు, వృద్ధుల విహారమునకు ధనమా యని అడుగువారుందురు. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన తెలుగునాట హాకీకి లభించిన ఆదరణ స్వల్పము. హైదరాబాదునుండి ఎదిగి 1992, 1996, 2000 సంవత్సరముల మూడు ఒలింపిక్సులలో ఆడిన ముకేశ్ కుమార్, చిత్తూరు జిల్లా పల్లెనుండి ఎదిగి 2016లో రియో ఒలింపిక్సునకు పోయిన గోలుకీపరు ఇ. రజని, ఇట్టివారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. బాలబాలికలకు కోచులు లేరు. నేర్పువాడు లేనిదే నేర్చువాడుండడు. కాగా, నేర్పువారు ఎచ్చటనున్నారు? అరుగులమీద కూర్చుండియున్నారు! మన ప్రత్యుత్తర మిదియే. వృద్ధుని ఆటను యువకుని ఆటకు పోటీగ పెట్టరాదు. ఒకదానిచేత రెండవదానిని పోషింపవలెను. సహాయము పొంది దేశముకొరకు ఆడివచ్చిన ప్రతివాడును తిరిగివచ్చిన పిదప ఒక సంవత్సరముపాటు వారమునకు రెండుదినములు గనికాలనీల పిల్లలకు హాకీ నేర్పవలెనని నియమము పెట్టుడు. అప్పుడు టిక్కెట్టుకు పెట్టిన రూపాయి విహారమునకు పోదు. విత్తనమునకు పోవును.

అరువదియేండ్లవాని ఆటలో దేశగౌరవమేమున్నది, అది వినోదమేకదా యని మరికొందరందురు. దేశగౌరవము బంగారుపతకములో మాత్రమే యున్నదనుట మాకు సమ్మతము కాదు. ఒక దేశము తన శ్రమజీవిని పనిచేయు చేయిగ మాత్రమే చూచెనా, పని ముగిసిన పిదపకూడ మనుష్యునిగ చూచెనా యనునది ఆ దేశపు నాగరకతకు కొలత. ముప్పదియేండ్లు చీకటిలో శరీరమును అరగదీసినవానికి ఆ శరీరమునందు ఇంకను ఆనందమున్నదని చూపుట కంటె గొప్ప సన్మానమేమి కలదు? శాలువ కప్పి పంపుట సులభము. మైదానము ద్వారము తెరచియుంచుట కష్టము. మేము కోరునది రెండవది.

ఏమి చేయవలెనో స్పష్టముగ చెప్పెదము. మొదటిది, ఉద్యోగము వదలినవానిని క్రీడాసంఘము సభ్యత్వమునుండి తొలగింపక, నామమాత్రపు రుసుముతో విశ్రాంత సభ్యునిగ ఉంచవలెను. రెండవది, గనిపట్టణములలోని ప్రతి క్రీడామైదానమునను వారమునకు రెండు ఉదయములు వారికై కేటాయింపవలెను. అందు స్త్రీలకును సమానస్థానముండవలెను. 2019 నుండి భూగర్భగనులలోకూడ స్త్రీలు పనిచేయుటకు అనుమతి లభించినది. నేటి యువతి రేపు ముప్పదియైదు దాటును. ఆమె తరగతి ఆమెకై ప్రపంచమున సిద్ధముగ నున్నది. మూడవది, ఏటేట వైద్యపరీక్ష. నాలుగవది, ఏడాదికి కొన్ని దినములు రాష్ట్రపు టర్ఫు మైదానమున అభ్యాసమునకు వసతి. అయిదవది, ప్రయాణనిధి. ప్రతిసంవత్సరము డిసెంబరు 23వ తేదీని సింగరేణి దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు కార్మికుడు ఒక్కొక్కడు ఒక టీ ఖరీదు వేసినచో, సంస్థయు కార్మికసంఘములును దానికి సమానముగ కలిపినచో, ఎన్నికైన ఒకరిద్దరి ప్రయాణమునకు కొరత యుండదు. బొగ్గుగనుల కార్మికునకు చందాలు క్రొత్త కాదు. తోటివాడు గనిలో పోయిన దినమున అడుగకయే జేబులు తడవుకొన్న చేతులవి. చావునకు కూడిన చేతులు ఆటకును కూడవలెనని కోరుచున్నాము.

ఆటగాండ్రకును ఒక మాట. మీరు వయస్సు దాచుకొనవలదు. మాస్టర్స్ హాకీయందు వయస్సే అర్హత. జట్టుకు ఎన్నిక కాలేదని నిరాశపడవలదు. ఎన్నికకై ఆడువాడు ఒకనాటికే ఆడును. ఆటకై ఆడువాడు ప్రతిదినమును ఆడును. ధ్యాన్‌చంద్ చేతిలోని కర్ర మాంత్రికునిదని లోకమన్నది. మీ చేతిలోని కర్ర మాంత్రికునిది కానక్కరలేదు. చేతికర్ర మాత్రము కాకున్నచో చాలును.

ప్రొద్దున ఏడుగంటల షిఫ్టుకు పోవు యువకుడు మైదానము ప్రక్కగా పోవుచు, అరువదియేండ్ల తన తండ్రి బంతివెంట పరుగెత్తుచుండగా చూచినచో, తన ముందున్న ముప్పదియేండ్ల చీకటికి ఆవల ఒక వెలుతురు కలదని తెలిసికొనును. ఆ వెలుతురును వెలిగించుటకు కావలసిన బొగ్గు మన చెంతనే కలదు. నిప్పు రగుల్చువారు కావలెను. సంస్థవారును, సంఘములవారును, పట్టణ ప్రముఖులును ఈ విషయమున ఆలస్యము చేయక కూడి యోచింతురని మేము ఆశించుచున్నాము.